కర్టెన్ కమ్మీల పెట్టె

మా వీధిలో ఎవరింట్లోనైనా మనిషి లేకపోతే పార్శిల్ బండివాడు తిన్నగా మా గుమ్మం ముందుకొచ్చి ఆపుతాడు. సంతకానికి బదులు కొట్టే పేరు ముద్ర ఎప్పుడూ నా ఏప్రాన్ జేబులోనే ఉంటుందని అతనికి తెలుసు. ఆ పెట్టె కూడా అలాగే వచ్చింది. కదొవాకి సోహేయ్ పేరు మీద, అమెరికా నుంచి. సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు చేతుల మీదా పసిబిడ్డను పడుకోబెట్టుకున్నట్టు పట్టుకోవలసి వచ్చింది. పైన ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఏమిటది అని అడిగితే బండివాడు కూడబలుక్కుని చదివి, "కర్టెన్ కమ్మీలటండి" అన్నాడు.

ముద్ర కొట్టి పంపించేశాను. అతను వెళ్ళాక నాకు ఆలోచన పట్టుకుంది. సోహేయ్ ఇంట్లో అన్నీ కాగితపు తలుపులే. కర్టెన్ అన్న వస్తువు ఆ ఇంట్లో నేను చూసిన పాపాన పోలేదు. పెట్టె కాస్త ఊపి చూశాను. చప్పుడు లేదు. కమ్మీలైతే గలగలమనాలి కదా.

సోహేయ్ మా ఎదురింటి తాతామీ మేస్త్రి. ఊళ్ళో సగం మంది కూర్చునేదీ పడుకునేదీ ఆయన కుట్టిన గడ్డిచాపల మీదే. తాడు బిగించడానికి మోచేత్తో నొక్కీ నొక్కీ కుడి మోచెయ్యి చెప్పు అట్టలా కాయకాసింది. మాట తక్కువ, తాగుడు లేదు. ఉన్న పిచ్చల్లా పాత కత్తులు. మా ఏటి ఒడ్డున ఒకప్పుడు కత్తులు కొట్టే కొలుములు వరసగా ఉండేవట. ఇప్పుడు కూరమళ్ళు తవ్వుకుంటే ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం రాళ్ళు తగులుతాయి, అంతే. ఇక్కడ పుట్టిన కత్తులన్నీ సముద్రం దాటిపోయాయని ఆయన దిగులు. ఒక్కదాన్నయినా వెనక్కి తెచ్చుకోవాలని అమెరికాలో పాత కత్తులు పోగుచేసే ఒక ముసలి ఆసామికి ఇంగ్లీషు మేస్టారి చేత ఉత్తరాలు రాయిస్తున్నాడని వీధంతా తెలుసు. వీధికి చెప్పింది నేనే.

ఆ దిగులుకి మూలం కూడా నాకు తెలుసు. యుద్ధం ఓడిపోయిన ఏడాది, చెట్లకి టమాటాల్లాంటి కాకీ పళ్ళు పండే రోజుల్లో, కత్తి ఉన్న ప్రతివాడూ బడి ఆవరణలోకి తెచ్చి అప్పగించాలని కబురొచ్చింది. నేను అప్పటికి పెద్ద తరగతిలో ఉన్నాను, సోహేయ్ ఇంకా పలక పట్టే వయసు. వాళ్ళ నాన్న ఇంట్లో ఉన్న ఒక్క కత్తినీ పరుపు గలీబులో చుట్టి, మోస్తానని ఏడుస్తున్న కొడుకు చేతుల్లో పెట్టి తీసుకొచ్చాడు. పోలీసు దాన్ని లాక్కుని కట్టెపుల్లలా కుప్ప మీదికి విసిరాడు. వాళ్ళ నాన్న వంగి దణ్ణం పెట్టి, "బాబూ, రసీదు ఏమైనా..." అన్నాడు. పోలీసు నవ్వాడు. పక్కనున్న అమెరికా సిపాయి ఎందుకో తెలియకుండానే తనూ నవ్వాడు. అందరి ముందూ సోహేయ్ నిక్కరు తడిసిపోయింది. అప్పట్నుంచి మా వీధి చివరి పోలీసు చౌకీ వచ్చేసరికి ఆయన రోడ్డుకి అవతలి పక్కకి దాటి నడుస్తాడు. జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు.

సాయంత్రం ఆయన పని నుంచి రాగానే పెట్టె పట్టుకెళ్ళి ఇచ్చాను. ఇచ్చి వచ్చేయకుండా కూర్చున్నాను. ఆయన భార్య ఫుసాఎ టీ పోసి ముల్లంగి ఊరగాయ పెట్టింది.

"కర్టెన్ కమ్మీలా? మనం ఎప్పుడు తెప్పించాం?" అంది.

సోహేయ్ అట్ట చీల్చి, కాగితాలు లాగి, కత్తి ఒర మీది తోలు తొడుగు కనబడగానే చేతులు వెనక్కి తీసుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు.

"అక్కా, దీన్ని ఎవరూ ఆపలేదా?"

"ఆపితే నా దాకా ఎలా వస్తుంది?"

"ఆపాలి. పోస్టులో విప్పాలి, కస్టమ్స్ వాళ్ళు చూడాలి, పోలీసులు చూడాలి, నన్ను పిలవాలి. ఆ తర్వాత జిల్లా కచేరీలో పెద్దలు పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి. పెట్టె మీద కత్తి అని రాసి పంపమని అంత స్పష్టంగా రాయించాను." గొంతు తగ్గించాడు. "ఇది దొంగదారిన వచ్చింది. కాగితం లేని కత్తి ఇంట్లో ఉంటే జైలే."

ఫుసాఎ లేచి వీధి తలుపు గడియ పెట్టింది. "ఏట్లో పారేసి రండి."

"పారేస్తే ఎవడి వలకో తగులుతుంది" అన్నాను నేను. "పైగా చీటీ మీద నా ముద్ర ఉంది."

"నీ ముద్ర ఎందుకు కొట్టావక్కా?" అంది ఫుసాఎ.

"కొట్టకపోతే అతను ఇస్తాడా? నీ ఇంటి పార్శిళ్ళు ఇన్నాళ్ళూ ఎవరు తీసుకున్నారనుకున్నావ్, పిల్లా?"

మా ఇద్దరి గొడవా సోహేయ్‌కి వినబడలేదు. పిడిలోని వెదురు చీలను చిన్న సుత్తితో తట్టి తీశాడు. పిడి ఊడివచ్చాక, అందులో దాగి ఉండే ఇనుప మొదలు బయటపడింది. నల్లగా, మెత్తటి తుప్పుతో ఉంది. దాని మీద ఉలితో చెక్కిన అక్షరాల్లో మా ఏటి ఒడ్డు పేరు ఉంది. దీపం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. ఆ చూపు చూస్తే నాకు అర్థమైంది, ఈ మనిషి దీన్ని ఏట్లో పారెయ్యడు. దీన్ని ఉంచుకుంటే జైలు భయం, అప్పగిస్తే మళ్ళీ ఆ కుప్ప భయం. మధ్యలో ఇరుక్కున్నాడు.

మర్నాడు పట్నంలో తనకు తెలిసిన కత్తుల వ్యాపారికి ఫోన్ చేశాడు. నేను ఉప్పు అప్పుకి వెళ్ళినట్టు వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆ వ్యాపారి చాలా తేలిగ్గా మాట్లాడాడట. దేశమంతటా అటకల మీద తాతల నాటి కత్తులు దొరుకుతూనే ఉంటాయి, దొరికినవాళ్ళు చౌకీకి తీసుకెళ్ళి చూపిస్తారు, పోలీసు ఒక చీటీ రాసిస్తాడు, ఆ చీటీతో పరీక్షకి వెళ్తారు. మీరూ అటక మీద దొరికిందనండి, అమెరికా మాటెత్తకండి అన్నాడట.

సోహేయ్ రోజంతా అబద్ధం వల్లె వేశాడు. అటక మీద పడున్నట్టు కనబడాలని పొయ్యి గొట్టంలోంచి మసి గీకి తోలు తొడుగుకి రాశాడు. సగం కుట్టిన చాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నమస్కారమండీ, మా అటక సర్దుతుంటే..." అని చాపకి చెప్పడం నేను కంచె సందులోంచి చూశాను. చెప్పిన ప్రతిసారీ అటక అన్న మాట దగ్గర గొంతు పట్టేసేది. లోపలికి వెళ్తే ఫుసాఎ పక్కగదిలో చిన్న సంచీలో తువ్వాలు, రెండు జతల బనీన్లు, పళ్ళపొడి సర్దుతోంది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఆయనకి. లోపల చలిగా ఉంటుందంటారు" అంది. ఏడవడం లేదు.

వెళ్ళేరోజు పొద్దున సోహేయ్ మా గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వూ రా అక్కా. మాట్లాడకు. ఊరికే పక్కన నిలబడు."

"నేను మాట్లాడకుండా ఎక్కడైనా నిలబడ్డానా?"

"ఇవాళ నిలబడు."

కత్తిని పరుపు గలీబులోనే చుట్టాడు. ఇంట్లో పట్టుగుడ్డ సంచులున్నా చెయ్యి అటే వెళ్ళింది కాబోలు. బడి మీదుగా నడిచాం. లోపల పిల్లలు పరుగు పందేలు ఆడుతున్నారు. ఆయన తల తిప్పలేదు గానీ చెవుల వెనక చెమట కారడం నేను చూశాను. చౌకీ కనబడగానే పాతికేళ్ళ కుర్రాడిలా చటుక్కున రోడ్డు దాటబోయాడు. చొక్కా పట్టుకుని ఆపాను.

చౌకీలో పోలీసు హమాగుచి ఉన్నాడు. మా ఊళ్ళో పెరిగినవాడే. చౌకీ వెనక క్యాబేజీలు పండించి అందరికీ పంచుతాడు.

"బామ్మగారూ, ఇవాళ ఎవరి కబురు మోసుకొచ్చారు?"

బామ్మ అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు. నేను పెదాలు బిగించుకున్నాను. అది చూసే అతనికి అనుమానం వచ్చి ఉంటుంది.

సోహేయ్ గలీబు బల్ల మీద పెట్టి, నేల వైపు చూస్తూ, చాపకి చెప్పిన మాటలు చెప్పేశాడు. అటక సర్దుతుంటే దొరికింది, తాతల నాటిది, ఇన్నాళ్ళూ తెలియదు. అటక దగ్గర గొంతు పట్టెయ్యలేదు కూడా. హమాగుచి కలం మూత తీశాడు. తీసినవాడు రాయకుండా ఆగాడు.

"మీ అటక మీదా?"

"అవునండీ."

"సోహేయ్‌గారూ, ఆ పెద్ద తుఫానుకి మీ కప్పు మొత్తం ఎగిరిపోయింది కదా. కొత్త దూలం ఎక్కించిన రోజు మీరు పైనుంచి బియ్యంతో చేసిన మోచీ ముద్దలు విసిరారు. ఒకటొచ్చి నా కంటికి తగిలింది. చాన్నాళ్ళు కమిలిన కన్నేసుకుని డ్యూటీ చేశాను. ఆ ఇంట్లో తాతల నాటి అటక ఎక్కడిది?"

దూలం ఎక్కించినప్పుడు మోచీలు చల్లితే ఊరు ఊరంతా వచ్చి పట్టుకుంటుంది. ఆ రోజు ఏప్రాన్ నిండా పట్టుకున్నది నేనే, ఎక్కువ మా వైపు విసరమని కింద నుంచి కేకలేసిందీ నేనే. సోహేయ్, ఫుసాఎ, నేను, ముగ్గురం కలిసి ఆ అబద్ధాన్ని అటూ ఇటూ తిప్పి చూశాం. ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. భయం మనిషిని అంత గుడ్డివాణ్ణి చేస్తుంది.

సోహేయ్ రెండు చేతులూ కలిపి, మణికట్లు పైకి పెట్టి, బల్ల మీదికి చాచాడు. బేడీలు వెయ్యమని.

"చేతులు తియ్యండి" అన్నాడు హమాగుచి. లేచి వెళ్ళి వీధి తలుపు మూశాడు. తిరిగొచ్చి కూర్చుని, కలం చూపించాడు. "ఇది ఇంకా కాగితానికి తగల్లేదు. మొదటినుంచి చెప్పండి. ఈసారి అటక ఎక్కకండి."

సోహేయ్ నుదురు బల్లకి ఆనించి అంతా చెప్పాడు. అమెరికా ఆసామి, ఉత్తరాలు, కర్టెన్ కమ్మీలు, మసి. ఆగిన చోటల్లా నేను అందించాను. నా ముద్ర సంగతి నేనే చెప్పాను. హమాగుచి నవ్వలేదు. ఇది తన చేతిలో పని కాదన్నాడు. ఫోన్ చేశాడు. పెద్ద స్టేషన్ నుంచి కారులో ఇద్దరొచ్చారు. కత్తిని పొడవు కొలిచి, మసి తొడుగు వాసన చూసి ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుడ్డలో చుట్టి తీసుకున్నారు. సోహేయ్ కళ్ళు దాని వెంటే కారు దాకా వెళ్ళాయి.

కారు కదిలే ముందు వాళ్ళలో ఒకాయన దిగి వచ్చి ఒక కాగితం ఆయన చేతిలో పెట్టాడు. "మీ వస్తువు మా దగ్గర ఉన్నట్టు రసీదు. పోగొట్టుకోకండి."

సోహేయ్ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇంటికి వచ్చే దారిలో, బడి గోడ దగ్గర, ఒక్క మాటన్నాడు. "మా నాన్న అడిగితే నవ్వారక్కా."

అంతటితో భయం తీరలేదు. విచారణకి పోలీసులు మళ్ళీ వస్తారు, ఎప్పుడొస్తారో తెలియదు. ఫుసాఎ సర్దిన సంచీ గుమ్మం పక్కనే ఉండిపోయింది. సోహేయ్ కుట్టిన చాపల అంచులు వంకర పోయాయి. ఆయన చేతి కుట్టు వంకర పోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. కస్టమ్స్ వాళ్ళు మా ఇంటికీ వచ్చారు. నా ముద్రని కాగితం మీద కొట్టించుకుని, చీటీ పక్కన పెట్టి చూశారు.

"పెట్టెలో ఏముందో మీకు ముందే తెలుసా?"

"తెలిస్తే ఊపి చూస్తానా బాబూ?"

అందులో చిన్నాయన దగ్గు వచ్చినట్టు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళ ముందు బింకంగా ఉన్నాను గానీ, ఆ రాత్రి అన్నం మెతుకు దిగలేదు.

చివరికి అమెరికా నుంచి జవాబొచ్చింది. కత్తి అని రాస్తే దారిలో ఎవరైనా కాజేస్తారని ఆ ముసలాయన భార్య కర్టెన్ కమ్మీలని రాసిందట, చాలా విచారిస్తున్నామని. సోహేయ్ చేత క్షమాపణ పత్రం రాయించుకుని, గట్టిగా మందలించి వదిలారు. ఇక మిగిలింది జిల్లా కచేరీలో పరీక్ష. యుద్ధకాలంలో కార్ఖానాలో యంత్రంతో చేసినదని తేలితే కోసి ముక్కలు చేస్తారు. పెద్దలు లోపల చూస్తున్నంతసేపూ సోహేయ్ వరండాలో బెంచీ మీద కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పాతదే, ఏటి ఒడ్డుదే అని కాగితం చేతికిచ్చాక మాత్రం అక్కడే నేల మీద కూలబడిపోయాడని ఫుసాఎ చెప్పింది. సంచీలోంచి బనీన్లు తీసి బీరువాలో పెట్టింది కూడా ఆ రోజే.

వరినాట్లు అయ్యాక నన్ను పిలిచాడు, కత్తి చూద్దువు రమ్మని. తన చాపల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఊపిరి తడి కత్తి అలుగుకి తగలకుండా పెదాల మధ్య మడత కాగితం పెట్టుకున్నాడు. ఒరలోంచి మెల్లగా లాగాడు. నీళ్ళమీద పొగమంచులా ఏదో ఉంది దాని అంచున. మెత్తటి కాగితంతో పాత నూనె తుడుస్తుంటే, వీధిలో సైకిల్ గంట మోగింది.

"సోహేయ్‌గారూ, ఉన్నారా?" హమాగుచి గొంతు.

అలుగు మీద చెయ్యి ఆగిపోయింది. చెవుల వెనక చెమట మళ్ళీ కనబడింది నాకు. ఫుసాఎ గుమ్మం పక్కన సంచీ ఉండే చోటు వైపు చూసింది.

"చౌకీలో చాపలు చిరిగిపోయాయి, కొత్తవి వేస్తారేమో కనుక్కోమన్నారు" అంటున్నాడు బయట.

కాగితం పెదాల మధ్య ఉండగా మాట్లాడకూడదు. సోహేయ్ తొందరపడలేదు. అలుగు కొస దాకా తుడిచాడు. కొత్త నూనె రాశాడు. ఒరలో పెట్టి, తల వంచి కత్తికి దణ్ణం పెట్టాడు. అప్పుడు పెదాల మధ్య కాగితం తీసి, "వస్తున్నానండీ" అన్నాడు.