బ్లడ్‌బ్యాంకులో పాత కంప్యూటరు

విండోస్ టెన్ వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను విజయనగరంలోని ఒక ఆసుపత్రికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. కొత్తవలస నుంచి రోజూ రైల్లో వెళ్లి వచ్చేవాణ్ని. అక్కడ టెన్, సెవెన్, బాగా పాతబడిన ఎక్స్‌పీ, మూడు తరాల కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్కు మీద నడిచేవి. పాస్‌వర్డు ఎంత పొడవుండాలి, తెరకు ఎన్ని నిమిషాల్లో తాళం పడాలి వంటి నియమాలన్నీ సర్వరు నుంచే పంపేవాళ్లం. వాటిని గ్రూప్ పాలసీ అంటారు.

ఒక సోమవారం పొద్దున్న అందులో మరో నియమం చేర్చాను. పాత పద్ధతిలో తన గుర్తింపు చెప్పుకునే కంప్యూటరును సర్వరు ఇక రానివ్వదు. నా గదిలోని రెండు కొత్త సిస్టమ్‌ల మీద సరిచూసుకున్నాను. ఎక్స్‌పీ మీద చూడలేదు. అవసరమనుకోలేదు.

గంట తిరక్కుండా బ్లడ్‌బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. చేసింది సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్ పైడమ్మగారు. లేబర్ రూములో ఒక తల్లికి రక్తస్రావం ఆగడం లేదట, వెంటనే రక్తం కావాలట. నిల్వల జాబితా సర్వరులో ఉంది. ఆవిడ ముందున్నది ఎక్స్‌పీ, ఇంకా పాత పద్ధతిలోనే గుర్తింపు చెప్పుకునేది. జాబితా తెరుచుకోవడం లేదు.

నేను పరుగున వెళ్లేసరికి ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి, ఒక్కొక్క సంచి మీది చీటీ చదువుతున్నారు. పాలసీ మొత్తం తీసేస్తానన్నాను. ఆవిడ తల తిప్పకుండానే బదులిచ్చారు.

"కంగారు పడకండి సారూ. రక్తం నాను సూసి ఇస్తాను. పొద్దున్న ఏటి మార్సారో అదొక్కటే ఎనక్కి తియ్యండి. అన్నీ కదిపేస్తే ఏది సెడిందో మనకే తెల్దు."

అదొక్కటే తీశాను. కాసేపటికి జాబితా తెరుచుకుంది. అప్పటికే ఆవిడ, ఆ తల్లి రక్తానికి సరిపడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష చేసి రెండు సంచులు పంపేశారు. ఆ తల్లి బతికింది.

సూపరింటెండెంటుగారు అడిగినప్పుడు పైడమ్మగారు జరిగింది జరిగినట్టు చెప్పారు, నా మీద ఒక్క మాట అదనంగా వేయలేదు. తప్పు నాదేనని నేను రాసిచ్చాను. ఆ వారమంతా డ్యూటీ దిగాక ఆవిడ నన్ను వార్డు వార్డుకూ తిప్పి, ఏ కంప్యూటరుకు ఏ పరికరం తగిలించి ఉందో చూపించారు. ఎక్స్‌రే గదిలోని పరికరం ఎక్స్‌పీ మీద తప్ప పనిచేయదని నాకు అప్పుడే తెలిసింది. దాని కంప్యూటరును మార్చే వీల్లేక నెట్‌వర్కు నుంచి విడదీశాను. మిగతావాటిని తరాల వారీగా గుంపులు చేశాను. ముందు పాత కంప్యూటర్లను కొత్త పద్ధతికి మార్చి, అన్నీ మారాయని చూసుకున్నాకే సర్వరులో పాత దారి మూశాను. ఈసారి ఎవరి పనీ ఆగలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, ప్రతి తరం కంప్యూటరు మీదా పరీక్షించకుండా ఏ నియమమూ పంపలేదు. ఒకసారికి ఒక్కటే మార్చాను. ఈ రెండూ నాకు నేర్పింది పైడమ్మగారు. నేను రాసిచ్చిన నివేదికలో ఆవిడ పేరు లేదు. ఉండాల్సింది.