ఏకగ్రీవం కాదు

వెంకన్నకు మొక్కులు తీర్చుకునే పెరటాసి నెలలో, రెండో శనివారం పొద్దున మా అత్త పోయింది. ఆమె మెస్‌లో వంట చేసే ఆయన ఫోన్ చేసి, "అమ్మణ్ణీ, అత్త గల్లా కాడ కుర్చీలో కూసోనుండి అట్నే ఒరిగిపోయింది. బిన్నా రా" అన్నాడు. నేను తిరుపతిలో బస్సెక్కి మా ఊరు చేరేసరికి గంటన్నర పట్టింది. దారి పొడవునా పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడిచిపోయే జనం ఎదురొస్తూనే ఉన్నారు. కిటికీ వైపు తిరిగి ఏడుస్తూ వచ్చాను. కానీ ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను.

ఆ కోపం మరునాడు పేపరు చూశాక మొదలైంది. జిల్లా పేజీలో అత్త ఫోటో వేసి, మాజీ కౌన్సిలర్ మృతి అని పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది. పట్టణానికి పెద్ద హోటల్ రావడానికి ఏకగ్రీవంగా ఆమోదం తెలిపిన నాటి కౌన్సిల్‌లో ఆమె సభ్యురాలట. అప్పటికి ఇంకా ఆమెను ఇంటి ముందర నుంచి ఎత్తలేదు కూడా. ఆ హోటల్ వద్దని గొంతు చించుకున్న మనిషి గురించి రాసిన మాట అది. లేచి వచ్చి కాదని చెప్పే వీలు ఆమెకు లేదు కాబట్టి నేను చెబుతున్నాను.

అత్త మా నాయనకు అక్క. మామ చిన్న వయసులోనే పోతే బస్టాండు పక్కన మెస్ పెట్టుకుని బతికింది. రోడ్డుకు అవతల మునిసిపల్ సత్రం ఉండేది. పెరటాసి నెలలో చిత్తూరు వైపు నుంచి, ఇంకా దూరం తమిళం ఊళ్ల నుంచి నడిచొచ్చే భక్తులు ఆ సత్రంలో దిగేవాళ్లు. ఆవరణలో మూడు రాళ్లు పెట్టి పొంగలి వండుకునేవాళ్లు. బొబ్బలెక్కిన కాళ్లకు కొబ్బరినూనె రాసుకుని వసారాలో పడుకునేవాళ్లు. వండుకునే ఓపిక లేదని ఎవరైనా అంటే అత్త మెస్ నుంచి సాంబారు బకెట్ రోడ్డు దాటేది. తొంభైలలో మా వార్డు ఆడవాళ్లకు రిజర్వ్ అయినప్పుడు అందరూ ఆమె దగ్గరికే వచ్చారు. ఆ వార్డులో ఆమె చేతి అన్నం తినని ఇల్లు లేదు మరి. సులువుగానే గెలిచింది.

ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. కూరలో ఉప్పెక్కువైందని సణిగినవాడి ముందున్న ఆకు మడిచి తీసేసి, "ఇంటికి పొయ్యి తిను, పో" అనేది. వాడు మరుసటి రోజు మళ్లీ వచ్చి అదే బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆ కోపం చూసి మేం నవ్వుకునేవాళ్లం. ఊరంతా నవ్వుకునేది. మునిసిపల్ చైర్మన్ మాత్రం నవ్వుకుని ఊరుకోలేదు, దాన్ని గుర్తు పెట్టుకున్నాడు.

సత్రం పడగొట్టి ఆ జాగాలో ఒక కంపెనీ పెద్ద హోటల్ కడుతుందని ఎజెండాలో వచ్చింది. జాగా మునిసిపాలిటీది. దాన్ని నామమాత్రపు అద్దెకు ఏళ్ల తరబడి లీజుకివ్వాలి. హోటల్ దాకా తారు రోడ్డు, కాలువ, నీళ్ల పైపు మునిసిపాలిటీయే వెయ్యాలి. ఇంటిపన్ను కొన్నేళ్లు అడగకూడదు. పైగా టూరిజం పేరు చెప్పి సర్కారు సబ్సిడీ. అభివృద్ధి అన్నారు. ఆ మాట వినబడితే మా ఊళ్లో జేబులు తడుముకోవాలని అప్పటికి మాకింకా తెలియదు.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఆ రోజు కౌన్సిల్ హాల్లో చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం వేసిన వెనక బెంచీలో కూర్చున్నాను. అత్త వారం రోజులుగా కూరగాయలు తరుగుతూ తనలో తాను చెప్పుకున్న మాటలన్నీ లేచి నిలబడి ఒక్కొక్కటే అడిగింది.

"సైర్మన్ సారూ, నాకొకటి సెప్పండి. జాగా మనది, రోడ్డు మనమే ఏస్తాం, నీళ్లు మనమే ఇస్తాం, పన్ను వద్దంటాం, పైన సర్కారు దుడ్డు. ఇంక కంపెనీవోళ్లు తెచ్చేదేముండాది, బోర్డొకటేనా?"

"కింది అంతస్తులో నడిసొచ్చేవాళ్లకు ఒక హాలు ఉచితంగా ఇస్తారక్కా. ఒప్పందంలోనే ఉండాది" అన్నాడు చైర్మన్.

"ఆ హాలు తాళం ఎవురి కాడ ఉంటాది?"

ఆయన ముందున్న కాగితాలు తిరగేశాడు. పాలకపక్షంలోనే ఇద్దరు ముగ్గురు తలలు ఊపడం నేను చూశాను. ఒకాయనైతే "ఆమె అడిగేదాంట్లో న్యాయముండాదప్పా" అని పక్కవాడితో అన్నాడు. ఇంకో పది నిమిషాలు ఆమెను మాట్లాడనిస్తే ఆ అంశం వాయిదా పడేది. ఇది నేను ప్రేమకొద్దీ చెప్పే మాట కాదు, ఆ గదిలో గాలి అట్లా తిరిగింది. అది చైర్మన్‌కు కూడా తెలిసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నవ్వి, "నీ బాధ మాకు తెలీదా అక్కా. పెద్ద హోటల్ వస్తే నీ ఇడ్లీలు ఎవురు తింటారు?" అన్నాడు.

హాలంతా పగలబడి నవ్వింది. అత్త మొహం నల్లబడిపోయింది. "ఈడ కూసునేది మానమున్నోళ్ల పని కాదు" అని చీర కొంగు బిగించి బయటికి నడిచింది. ప్రతిపక్షం వాళ్లు నలుగురు "వాకౌట్, వాకౌట్" అంటూ ఆమె వెనకే పోయారు. అప్పట్లో అదొక అలవాటు. కోపమొస్తే వాకౌట్ చెయ్యాలి, మెట్ల మీద నిలబడి పిడికిళ్లు ఎత్తాలి, మరుసటి రోజు పేపర్లో ఫోటో రావాలి.

ఆమె గడప దాటిందో లేదో, గుమాస్తా అంశం చదివాడు. చైర్మన్ "అందరికీ సమ్మతమే కదా" అన్నాడు. బల్లలు చరిచారు. ఏకగ్రీవం అని రాసుకున్నారు. వద్దనేవాళ్లు ఐదుగురూ కింద మెట్ల మీద ఉంటే లోపల మిగిలినవాళ్లది ఏకగ్రీవం కాక మరేమవుతుంది? కింద ఫోటోగ్రాఫర్ "కొంచెం ఇట్ల తిరగండి మేడమ్" అంటున్నప్పుడు ఆమెకు ఆ బల్లల చప్పుడు వినిపించిందట. మెట్లెక్కి పరుగున వచ్చింది. రొప్పుతూ గుమ్మంలో నిలబడితే చైర్మన్ తలెత్తి, ఎంతో మర్యాదగా, "రా అక్కా, కూసో. ఆ అంశం అయిపోయింది. ఇప్పుడు వీధి దీపాలు" అన్నాడు.

ఆ మర్యాదను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోతూ అత్త ఒకటే మాట అంది. "నన్ను తిట్టలా అమ్మణ్ణీ వాళ్లు. కుర్సీలోనుంచి లేపినారు. ఫోటోకి నిలబడినాను సూడు, ఆడ పోయింది సత్రం." ఆ ఫోటో పేపర్లో వచ్చింది. పిడికిలి ఎత్తి, కళ్లెర్ర చేసి, నిజంగానే బాగుంది. దాన్ని ఫ్రేము కట్టించి గల్లాపెట్టె పైన తగిలించింది. వచ్చినవాళ్లు గొప్పకు పెట్టుకుందనుకునేవాళ్లు. అది తన తప్పు తనకు రోజూ కనబడాలని పెట్టుకుందని మెస్‌లో వంటాయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

సత్రం పడగొట్టారు. హోటల్ లేచింది. ఉచిత హాలు కూడా కట్టారు, కాదనను. ఏసీ పెట్టి, గాజు తలుపులు బిగించి, కాన్ఫరెన్స్ హాల్ అని రాసుకుని పెళ్లిళ్లకు, మీటింగులకు అద్దెకిచ్చారు. నడిచొచ్చేవాళ్లు దాని ప్రహరీ గోడకు ఆనుకుని రోడ్డు పక్కన పడుకోవడం మొదలుపెట్టారు. అత్త పెరటాసి శనివారాల్లో మెస్ బల్లలన్నీ బయటికి లాగించి లోపల వాళ్లకు చాపలు పరిచేది. ఎంతమందికని సరిపోతుంది?

ఆ తర్వాత అత్త ఏ కుర్చీలోనుంచీ ముందుగా లేవలేదు. పెళ్లికి పోతే చివరి బంతి తిని లేచి, పందిరి విప్పేదాకా కూర్చునేది. కౌన్సిల్‌లో చిక్కు అంశాలన్నీ చివరికి నెట్టేవాళ్లు, ఆమె విసిగి పోతుందని. ఆమె టిఫిన్ క్యారియర్ తెచ్చుకునేది. మధ్యాహ్నం అక్కడే పెరుగన్నం తిని, మూత పెట్టి, "ఊ, సదవండి" అనేది. ఒకసారి కమిషనర్ ఆఫీసులో పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చుని, నడిచొచ్చేవాళ్ల కోసం బస్టాండులో రెండు కుళాయిలు వేయించింది. కోపం తగ్గిందనుకుంటారేమో, ఏమీ తగ్గలేదు. "కోపమొస్తే ఇంకా గెట్టిగా కూసోవల్ల" అనేది. పళ్లు బిగించి, కుర్చీ చేతులు రెండూ పట్టుకుని అనేది.

నాకు తిరుపతిలో కాలేజీ ఉద్యోగం వచ్చిన కొత్తలో, స్టాఫ్ మీటింగ్‌లో ఒకాయన నన్ను చులకనగా మాట్లాడితే లేచి నేరుగా బస్సెక్కి ఊరికి వచ్చేశాను. అత్త నా మొహం చూసి, "వాళ్లు పంపించినారా, నువ్వే వచ్చినావా?" అంది.

"నేనే వచ్చినాను."

"అయితే వాళ్ల పని సులువు సేసినావు. కాపీ తాగి మళ్లా బస్సెక్కు."

కాఫీ ఇచ్చి, బస్టాండు దాకా వచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది. ఆ కాలేజీలోనే నేనిప్పటికీ ఉన్నాను.

ఇక సంతాప సభ. పెద్దకర్మ అయ్యాక, పెరటాసి నాలుగో శనివారం సాయంత్రం పెట్టారు. ఎక్కడనుకున్నారు? ఆ హోటల్‌లో, ఆ హాల్లోనే. పూలదండ వేసిన ఫోటో పక్కన ఆనాటి చైర్మన్ కూర్చున్నాడు. జుట్టు నెరిసింది కానీ నవ్వు అదే. మైకు పట్టుకుని, "మా అక్క నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో! ఆ రోజు కౌన్సిల్ అంతా ఒక్క మాట మీద నిలబడింది కాబట్టే ఈ హోటల్ వచ్చింది. ఈ హాలుకు అక్క పేరే పెడదాం. అందరికీ సమ్మతమే కదా" అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. కాళ్లు చెప్పుల్లో దూర్చుకున్నాను. హ్యాండ్‌బ్యాగు భుజానికి వేసుకున్నాను. సగం లేచాను. అప్పుడు ఎదురుగా దండ వేసిన ఫోటో సరిగ్గా చూశాను. దండలో సగం మునిగిపోయినా పిడికిలి కనబడుతోంది. మెస్ గోడ మీది మెట్ల ఫోటోనే తెచ్చి పెట్టారు మహానుభావులు. మళ్లీ కూర్చున్నాను. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

"నాకు సమ్మతం లేదు" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. "పాప బాధలో ఉండాది" అన్నాడు చైర్మన్ అందరి వైపు చూసి.

"బాధ కాదు సార్, కోపం. మా అత్త ఆ రోజు ఒప్పుకోలేదు, ఈ రోజు నేను ఒప్పుకోను. ఇది నడిచొచ్చేవాళ్ల హాలు. బయట గోడ పక్కన వాళ్లు కూర్చోనుండారు, ఇవాళ పెరటాసి శనివారం. ముందు తలుపు తియ్యండి, పేరు సంగతి తర్వాత."

"అదంతా తర్వాత మాట్లాడుకుందాం పాపా."

"సరే. అయితే ఏకగ్రీవం అని మాత్రం రాయొద్దు. ఒకరు ఒప్పుకోలేదని రాయండి. రాసేదాకా నేను ఈడే కూసోనుంటాను."

ఆయన నవ్వబోయాడు. ఈసారి హాలు నవ్వలేదు. వెనక వరసలో నుంచి మెస్ వంటాయన "ఒకరు కాదు, ఇద్దురు" అన్నాడు. పేపరతను వంగి రాసుకోవడం కనబడింది.

సభ ముగిసింది. ఒక్కొక్కరే నా వైపు చూసి, చూడనట్టు బయటికి పోయారు. పనివాళ్లు వచ్చి కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి గోడవారకు చేర్చారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, "మేడమ్, లేస్తారా? కుర్చీ..." అన్నాడు.

"ఉండనీ అప్పా" అన్నాను.

ఆయన పోయి ఏసీ ఆపేశాడు. అంత పెద్ద హాల్లో నా కుర్చీ ఒకటి, వెనక వంటాయన కుర్చీ ఒకటి మిగిలాయి. గాజు తలుపు అవతల, ప్రహరీ గోడ మొదట్లో, పసుపు చీర కట్టుకున్న ఒక ముసలామె కాళ్లు చాపుకుని పాదాలకు నూనె రాసుకుంటూ ఉంది.