సుధారాణి బిగించిన గార్డు

కొళాయి దగ్గర మునెమ్మ చెప్పిన మాట నిజం కాదు. సుధారాణి మొగుడి బండిని విప్పి ముక్కలుగా అమ్ముకోలేదు. వాకిట్లో గోనెపట్ట మీద నట్లూ బోల్టులూ పరిచి ఉన్నది నిజమే. వాటి పక్కన నేనే కూర్చున్నాను. కరివేపాకు కోసమని ఇంట్లో చెప్పి వెళ్లాను గానీ, వెళ్లింది చూడ్డానికే.

సుధారాణిది ప్రొద్దుటూరులో మా వీధే. పెద్దముడియం దగ్గర ఒక పల్లె పోస్టాఫీసులో ఉద్యోగం. మొగుడు నారాయణ బట్టల అంగట్లో పనిచేసేవాడు. ఎనిమిది నెలల కిందట మైలవరం దారిలో అతని బండి జారింది. పడితే కాలు నలగకుండా ఇంజనుకు అడ్డంగా ఉండే ఇనుప గార్డును ఎవరో మెకానిక్ వదులుగా బిగించాడట. అది వంగిపోయి, బండి బరువంతా కుడికాలి మీద పడింది. ఇప్పుడు ఎముక అతికింది, బండి తోలవచ్చని డాక్టరు కూడా చెప్పాడు. నారాయణ మాత్రం బండి వైపే చూడడు. చివరికి అమ్మకానికి పెట్టాడు. ఆ శుక్రవారం సాయంత్రం జమ్మలమడుగు నుంచి హుమాయున్ వచ్చి తీసుకుపోవాలి.

సుధారాణి ఒక్కటే అడిగింది.

"ఆయప్ప వచ్చేలోగా కొత్త గార్డు నా చేత్తో బిగిస్తా. నువ్వు కదిలించి సూడు. కదిలితే అమ్ముకో. కదలకుంటే రేపట్నుంచి నేను తోలుకుంటా."

పులివెందులలో పుట్టింట ఉన్నప్పుడే తమ్ముడి బండి మీద నేర్చుకుంది. తోలడం వచ్చు గానీ బిగించడం ఈమె వల్ల కాదులే అనుకుని, నారాయణ సరేనన్నాడు.

కొత్త ఇనుము ఇంటికొచ్చిందని ఆ పిల్ల పని మొదలుపెట్టే ముందు వాకిలి కడిగి పసుపునీళ్లు చల్లింది. అదే తప్పయింది. మన కడప బండలు తడిస్తే మనుషులే నిలవలేరు, ఇక బండి స్టాండు ఏం నిలుస్తుంది?

గార్డు పైభాగాన్ని ఇంజను ముందున్న గొట్టానికి పట్టీ వేసి బిగించింది. కిందిభాగం మాత్రం ఇంజనును పట్టి ఉంచే బోల్టుకే తగిలించాలి. పాత బోల్టు తీసి, గార్డుతో వచ్చిన పొడుగు బోల్టు దూర్చాలి. పాతది లాగిందో లేదో, ఇంజను ధన్‌మని కిందికి దిగింది. ఆ అదురుకు స్టాండు జర్రున జారింది.

"పెద్దమ్మా, పట్టుకో!"

నేను వెనకసీటు పట్టుకున్నాను. ఆమె భుజం అడ్డం పెట్టింది. బోల్టు దూర్చబోతే రంధ్రాలు కలవలేదు. ఆమె వేళ్లు ఇంజను కిందే ఉన్నాయి.

అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్న నారాయణ లేచి కూర్చున్నాడు.

"ఏందా సప్పుడు? ఇంజను కింద ఏం పెట్టినావు?"

"ఏం పెట్టలే."

"బుద్ధుండాదా నీకు? బోల్టు పీకేముందు ఎత్తు పెట్టాల! అత్తా, ఆ చపాతీ పీట తే."

"నేను వదిల్తే బండి పడతాదప్పా!" అన్నాను.

గడప పక్కనున్న పీట చంకలో ఇరికించుకుని, చేతికర్ర పట్టుకుని తనే దిగాడు. తడి బండల మీద ఒక్కో అడుగు. రెండోసారి కర్ర జారినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బండి పక్కన చతికిలబడి, పీట లోపలికి తోసి, కర్రతో ఇంజనును పైకి లేపుతున్నాడు.

"ఇప్పుడు దూర్చు."

బోల్టు దూరింది. అప్పుడే గేటు దగ్గర హుమాయున్ గొంతు వినిపించింది.

"ఏమప్పా నారాయణా, నగలు పెట్టి పంపిస్తాండావా బండిని?"

"ఇంకో సుట్టు బిగించు," అన్నాడు నారాయణ.

"బిగిస్తాండా."

నారాయణ రెండు చేతులతో గార్డును పట్టుకుని గుంజాడు. బండి మొత్తం ఊగింది. గార్డు కదల్లేదు. కాలు తన్నిపెట్టి మళ్లీ గుంజాడు. సుధారాణి స్పానరు పట్టుకుని చూస్తోంది.

"ఇంట్లో ఇచ్చిన మాట నాకుండాది," అన్నాడు నారాయణ హుమాయున్‌తో. "ఈసారికి పో అప్పా."

హుమాయున్ గొణుక్కుంటూ వెళ్లాడు. నారాయణ చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. నేనిక ఆగలేకపోయాను.

"నీ ఆఫీసుకు బస్సుండాది కదే. ఎందుకే ఇంత పంతం?"

సుధారాణి గడప వైపు చూసి గొంతు తగ్గించింది.

"బస్సుండాది పెద్దమ్మా. ఈ బండి పొద్దున పోయి సాయంత్రానికి సక్కంగా తిరిగొచ్చేది ఆయన సూడాల. శానా దినాలు సూడాల. అప్పుడుగానీ మళ్లీ ఎక్కడు."