కూర్చున్నందుకే చప్పట్లా!

నా చిన్నప్పుడు నాకు కుళ్ళు ఎక్కువ. ఇప్పుడు సింగపూర్‌లో, క్లెమెంటిలోని మా అమ్మాయి ఫ్లాట్‌లో పెద్దరికం వెలగబెడుతున్నా, ఆ కుళ్ళు పూర్తిగా పోయిందని ఒట్టు వేయలేను. అందరికంటే ఎక్కువగా కుళ్ళుకున్నది మాత్రం అమెరికాలో మా పక్కింటి అక్కను చూసి.

డెబ్బైల నాటి మాట. నాన్నగారు అక్కడ ఒక చిన్న ఊరి కాలేజీలో పై చదువు చదువుతున్నారు. నాకు తొమ్మిదేళ్ళు, ఒక్కగానొక్క కూతుర్ని. ఆ రోజుల్లో ఆ దేశంలో ఏ వీధి చూసినా అట్టల మీద నినాదాలు రాసుకుని తిరిగేవాళ్ళే. యుద్ధం ఆపమని కొందరు, నల్లవాళ్ళకు న్యాయం చేయమని కొందరు, ఆడవాళ్ళకు సమాన జీతాలివ్వమని కొందరు. పక్కింటి అక్క తెల్లమ్మాయి. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అని పిలవమంది అమ్మ. చక్రాల కుర్చీలో తిరిగేది. ఆ కుర్చీ మెట్లెక్కలేదని చెప్పి కాలేజీ వాళ్ళు ఆమెకు సీటు ఇవ్వలేదు. మెట్ల పక్కన వాలుదారి కట్టాలంటూ ఆమె, ఆమె స్నేహితులు రోజూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాలేజీ ఆఫీసు హాల్లో ధర్నాకు కూర్చున్నారు.

కూర్చున్నందుకు ఊరంతా చప్పట్లు! నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ కూర్చునే మనిషే కదా, కొత్తగా చేసిందేముంది? నేను కాసేపు కూర్చుంటే చాలు, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, లేచి కంచాలు పెట్టు అనేది అమ్మ. ఆమెనేమో నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఉత్సవ విగ్రహంలా మోసుకుంటూ మెట్లెక్కించారట. ఆ సంగతి అమ్మ మురిసిపోతూ చెబుతుంటే నాకు అన్నం సయించలేదు.

ధర్నా మొదలైన మూడో రోజున మా బడిలో పరుగుపందెం. వస్తానని మాటిచ్చిన అమ్మ రాలేదు. రెండో బహుమతి వచ్చినా చూసేవాళ్ళు లేరు. నేను పరుగెత్తితే చూడ్డానికి రాని అమ్మ, ఆమె కూర్చుంటే చూడ్డానికి వెళ్ళింది! ఏడుపు మింగుకుని నేరుగా కాలేజీకి నడిచాను.

హాల్లో అమ్మ, అక్క కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, మజ్జిగ గ్లాసు పట్టుకుని బతిమాలుతోంది. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోవడం అమ్మకు అలవాటు. “ఒక్క గుక్క తాగు తల్లీ, పెదాలు ఎలా ఎండిపోయాయో చూడు.” అక్క వద్దని తల ఊపుతోంది. తల్లీ! జ్వరమొస్తే తప్ప నన్ను అలా పిలిచింది లేదు.

“నేనూ ఇక్కడే కూర్చుంటా. ఆవిడ లేచేదాకా లేవను!” అని అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అరిచి, నేల మీద కూలబడ్డాను. హాలంతా బిగుసుకుపోయింది. అమ్మ గబుక్కున నా నోరు మూయబోయింది. మొదట నవ్వింది అక్కే. “అయితే చాలా ఏళ్ళు కూర్చోవాలి మరి,” అంటూ తన పక్కకి జరగమంది. ఆ మంచితనం చూసి మరీ కుళ్ళుకున్నాను. పంతం కొద్దీ ఆమె కోసం తెచ్చిన మజ్జిగ లాక్కుని తాగేశాను. ఆపైన ఇంకో గ్లాసు.

గంట తిరక్కుండానే బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. లేస్తే ఓడిపోతానని కాళ్ళు ముడుచుకుని బిగబట్టాను. అక్క కనిపెట్టి, వెళ్ళిరా, నీ చోటు ఎక్కడికీ పోదని చెవిలో చెప్పి, తన శాలువా నేను కూర్చున్నచోట పడేసింది. ఇక్కడ సింగపూర్‌లో హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల దగ్గర, బల్ల మీద టిష్యూ పాకెట్ పెట్టి చోటు ఆపుకుంటారే, చోప్ చేయడమంటారు, అలాగన్నమాట. పరుగున వెళ్ళొచ్చాను. వచ్చి, పెద్ద ఉపకారం చేస్తున్నదానిలా, ఇప్పుడు నువ్వు వెళ్ళు, నీ చోటు నేను చూస్తానన్నాను.

అక్క చాలా మామూలుగా చెప్పింది. ఆ బాత్‌రూమ్ తలుపులో తన కుర్చీ పట్టదట. ఇంటికి చేరేదాకా ఆగాల్సిందే. అందుకే పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు. బడికి వెళ్ళిన అన్నేళ్ళూ అంతేనట.

“అయ్యో, తెలియక చంపుకుతిన్నానే!” అని అమ్మ నోరు నొక్కుకుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ బతిమాలడం నాకు దక్కలేదని ఏడ్చానే గాని, ఆమె ఎందుకు వద్దంటోందో అడగాలని నాకు తోచనే లేదు. సాయంత్రం దాకా అక్క పక్కనే కూర్చున్నాను, ఈసారి పంతానికి కాదు. కొన్ని నెలలకు వాలుదారీ కట్టారు, ఆ తలుపూ వెడల్పు చేశారు.

ఈమధ్య మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, విజయవాడ నుంచి వచ్చారు. మొన్న అందరం ఇక్కడే వన్-నార్త్ అనే పేటలో ఉన్న అల్లుడి ఆఫీసు చూడ్డానికి బయలుదేరుతుంటే, కాఫీ తాగమని మనవరాలు ఆవిడ వెంటపడింది. “ప్లీజ్ లా నానమ్మా, కొంచెమే!” అని ఇక్కడి సింగపూర్ యాసలో. నన్ను ఏనాడైనా అలా అడిగిందా? మళ్ళీ అదే కుళ్ళు. ఆవిడేమో వద్దంటే వద్దంటున్నారు. అప్పుడు దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగాను. “వదినగారూ, దారిలో వెళ్ళాల్సొస్తే ఎలాగనా?” ఆవిడ నా వైపు చూసి తలూపారు. ఇక్కడ ప్రతి మెట్రో స్టేషన్లోనూ బాత్‌రూమ్ ఉంటుంది, నేను తోడొస్తానన్నాను. ఆవిడ గ్లాసు అందుకుని గటగటా తాగేశారు.

కుళ్ళు నన్ను వదల్లేదు. అది పుట్టినప్పుడల్లా దగ్గరికి వెళ్ళి అడిగే అలవాటు మాత్రం ఆ కాలేజీ హాల్లో అబ్బింది. వచ్చి పది రోజులైనా, బయటికి వెళ్ళిన ఒక్క రోజు కూడా మా వియ్యపురాలు చుక్క నీళ్ళు ముట్టలేదట.