దేవుడి అరలో పాదరసం

మా జూనియర్ కాలేజీ ల్యాబులో పాదరసం వాడకం ఆగిపోయి చాలాకాలమైంది. పాత బారోమీటర్లలోంచి తీసినదంతా ఒక గాజుసీసాలో మిగిలిపోయింది. ఇన్‌స్పెక్షన్ వస్తోంది, దాన్ని ఎక్కడికైనా పంపించేయమని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పజెప్పారు. ఫిజిక్సు చెప్పేవాణ్ణి, ఎక్కడికి పంపాలో కనుక్కోవాల్సింది. బద్ధకించి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని పాలకొల్లులోని మా ఇంటికి తెచ్చేశాను. ఆవిరి రాకుండా పైన నీళ్లు పోసి, మూత బిగించి, దేవుడి అరలో వెనకాల దాచాను. స్నానం చేయకుండా ఆ అర జోలికి మా ఇంట్లో ఎవరూ వెళ్లరు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఏంటది అని అమ్మ అడిగితే పాదరసమన్నాను. విషమంటే ఇల్లు పీకి పందిరేస్తుందని అంతకుమించి చెప్పలేదు.

కార్తీకమాసంలో ఓ సోమవారం చూద్దును కదా, సీసాకి విభూతి రేఖలు, మీద మారేడు దళం. అమ్మ మూత తీసి, పైనున్న నీళ్లు ఉద్ధరిణితో తీసి మా పాప అరచేతిలో పోస్తోంది. పాప కళ్లకద్దుకుని తాగేసింది. పాదరసమంటే శివలింగమేనని, దాన్ని తాకిన తీర్థం ఒంటికి మంచిదని అమ్మ నమ్మకం. నెల మొదలైనప్పటి నుంచీ పోస్తోందట. పాపనీ అమ్మనీ తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

డాక్టరుగారు పరీక్షలు రాస్తూ, ఇంట్లోకి పాదరసం ఎలా వచ్చిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపు అమ్మే చెప్పింది.

"నా తప్పేనండి. చదువుకోనిదాన్ని, దేవుడనుకుని పాపకి పట్టేశానండి."

ఆయన అమ్మని గట్టిగానే కేకలేశారు. నేను పక్కనే నిలబడి పాప జుట్టు సర్దుతూ ఉండిపోయాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

పాపకేం కాలేదు. కాలుష్య నియంత్రణ ఆఫీసుకి ఒక్క ఫోను చేస్తే దారి చెప్పారు. ప్రమాదకర వ్యర్థాలు పట్టుకెళ్లేవాళ్లు వచ్చి, సీసాని గట్టి డబ్బాలో పెట్టి సీలు వేసి తీసుకెళ్లారు. ఆ ఫోను ముందే చేయాల్సింది.

తప్పు నాదేనని అమ్మకి తర్వాత చెప్పాను. పోసింది తనే కదా అంది, అంతే.

ఇప్పటికీ పూజయ్యాక పాప అలవాటుగా చెయ్యి చాపుతుంది. అమ్మ ఉద్ధరిణి పళ్లెంలో పెట్టేసి లేస్తుంది.

"మీ నాన్న చేత్తో పోయించుకో అమ్మా. ఏది తాగొచ్చో ఆయనకి తెలుసు."