సరుకు చూసి కొన్న సైకిలు

పత్తి మిల్లులో సరుకు చూసి గ్రేడు చెప్పడం నా పని. ట్రాక్టరు వచ్చి ఆగగానే బోరాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు పత్తి లాగి, రెండు బొటనవేళ్ల మధ్య పింజ సాగదీసి చూస్తాను. తేమ ఎంతుందో అరచేతికే తెలిసిపోతుంది. రైతు పక్కనే నిలబడి ఉంటాడు. అతని మొహం మాత్రం చూడను. మొహం చూస్తే జాలి పుడుతుందని, జాలి పుడితే గ్రేడు తప్పుతుందని, సరుకునే చూడమని నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. ఆ అలవాటు మిల్లులో నన్ను బాగానే నిలబెట్టింది. నేను చెప్పిన గ్రేడుకు తిరుగు లేదని గుమాస్తాలు అంటుంటే పొంగిపోయేవాణ్ని. ఇంటికొచ్చాక కూడా అవే కళ్లు పెట్టుకుని తిరిగానని చాలా ఆలస్యంగా తెలిసింది.

మా అమ్మాయి ఏడో తరగతిలోకి వచ్చిన ఏడాది సైకిలు అడిగింది. అప్పటికి నల్లపాడులో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాం. మా వీధిలోని అయిదుగురు ఆడపిల్లలు, అందరూ దాని బడివాళ్లే, సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు. రైలు గేటు దాటి మూడు కిలోమీటర్ల పైచిలుకు దారి. వాళ్లతో కలిసి వెళ్లాలన్నదే దాని కోరిక. సైకిలు అందుకొక సాధనం, అంతే. "ఆటోలో అందరూ చిన్నపిల్లలే నాన్నా. మన వీధివాళ్లు బడికొచ్చేసరికి కబుర్లన్నీ అయిపోతన్నాయి, నాకేమో ఏదీ తెలియట్లా" అంది. ఇప్పుడు తలుచుకుంటే, ఎంత చక్కగా చెప్పింది. నేను అందులో సైకిలు అన్న ముక్క ఒక్కటి ఏరుకుని మిగతాది వదిలేశాను.

నాకున్న చిక్కు వేరు. కింద వాటాలో ఇంటి ఓనరమ్మ ఉండేది. రిటైరైన టీచరు, మనిషి మంచిదే గానీ వరండా విషయంలో మాత్రం ఖండితంగా ఉండేది. మాకు ముందున్నవాళ్ల బండి గోడ సున్నమంతా గీకేసిందట. అందుకని లోపల బండ్లు పెట్టొద్దని మేం చేరేటప్పుడే చెప్పింది. నా స్కూటరు గేటు బయట ఎండకీ వానకీ పడి ఉండేది. సైకిలు అలా వదిలితే మర్నాటికి ఉండదు. మెట్ల కింద పెట్టుకుంటామని ఆవిణ్ని ఒక్క మాట అడగమని మా ఆవిడ చెప్పింది. ఒకసారి వద్దన్నాక మళ్లీ వెళ్లి దేబిరించడం నా ఒంటికి పడదు. ఎవరి ముందూ చెయ్యి చాచే పని లేకుండా మడత పెట్టి మేడ మీదికి తెచ్చుకునే సైకిలు కొంటానన్నాను.

"నోరు తెరిచి అడిగితే పోయేదానికి ఈ మడత పేచీ ఎందుకండీ మీకు?" అంది మా ఆవిడ. ఆ తర్వాత ఆ సైకిలుకు ఇంట్లో అదే పేరు స్థిరపడింది.

వంటింటి తలుపు వెనక ఎంత చోటుందో పురికొసతో కొలిచి, వెడల్పు దగ్గర ఒక ముడి, ఎత్తు దగ్గర ఒక ముడి వేసి జేబులో పెట్టుకున్నాను. అమ్మాయిని స్కూటరు వెనక ఎక్కించుకుని గుంటూరు వెళ్లాను. అక్కడ మేం వెళ్లిన షాపు సాయిబు గారు ముప్పై ఏళ్లుగా సైకిళ్లు అమ్ముతున్న మనిషి. మడత సైకిలు కావాలనగానే మూడు రకాలు బయటికి తీయించారు. ఇక నా విద్యంతా చూపించాను. మడత దగ్గర కీలు పట్టుకుని ఊపాను. వెల్డింగు మీద గోరుతో గీశాను. ఎత్తి బరువు చూశాను. నాలుగుసార్లు మడిచి, నాలుగుసార్లు విప్పి, ప్రతిసారీ పురికొస పెట్టి కొలిచాను. సాయిబు గారు ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు.

"ఎంత దూరం తొక్కిద్దండీ పాప?" అని అడిగారు చివరికి.

"బడికేనండీ."

"బడి ఎంత దూరమని? దీని చక్రాలు చిన్నయ్యి. వీధిలో తిరగటానికైతే ఏ బాధా లేదు. దూరం పోవాలంటే పెద్ద చక్రం ఒకసారి తిరిగే చోట ఇది ఒకటిన్నర సార్లు తిరగాలి. పాపని ఒక్కసారి ఎక్కించండి, ఈ సందులో ఒక రౌండు కొట్టి రానీండి."

"ఎక్కుద్దిలెండి, ఎక్కడికి పోద్ది. ముందు ఈ కీలు సంగతి చెప్పండి, నట్టు పోతే దొరికిద్దా?" అన్నాను.

అమ్మాయి షాపు గుమ్మం దగ్గర, పెద్ద చక్రాల సైకిళ్ల వరస పక్కన నిలబడి ఉంది. అది అక్కడ నిలబడ్డ సంగతి గుర్తుంది. దాని మొహం ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. నీలం రంగుదా, ఎర్రదా అని మాత్రం అడిగాను. నీలం అంది. దాన్ని అడిగే కొన్నానని చాలాకాలం ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడాను.

వారం తిరక్కుండా మిల్లులో అందరికీ ఆ సైకిలు గొప్ప తెలిసిపోయింది. సంచిలో పెట్టుకు పోవచ్చని, రైల్లో వేసుకోవచ్చని, పెదకాకాని గుడికెళ్లినా వెంట తీసుకెళ్లొచ్చని చెప్పాను. మేం దాన్ని ఎప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్లింది లేదు. అన్నింటికన్నా ఎక్కువగా చెప్పుకున్నది ఇంకోటి. సైకిలు వచ్చాక అమ్మాయికి క్రమశిక్షణ అలవడిందని. అంతకు ముందు లేపితే గానీ లేవని పిల్ల తెల్లారగానే తయారై, మిగతా పిల్లలకన్నా పావుగంట ముందే బయల్దేరేది. సాయంత్రం మిగతావాళ్లు వీధి చివర సైకిళ్ల మీదే కూర్చుని కబుర్లాడుకుంటుంటే, మాది మెట్ల దగ్గర సైకిలు మడుస్తూ కనిపించేది. బుద్ధిగా ఇంటికొచ్చేస్తోందని సంతోషించాను.

కొత్త మిరపకాయలు గుంటూరు యార్డుకు దిగడం మొదలైన రోజుల్లో, సంక్రాంతికి ముందు, ఒక పొద్దున మిల్లుకు త్వరగా వెళ్లాల్సి వచ్చింది. రోడ్డంతా కాయ ట్రాక్టర్లు, ఘాటుకు ఒకటే దగ్గు. రైలు గేటు దాటగానే రోడ్డు పక్కన మా అమ్మాయి కనిపించింది. సైకిలు పక్కన నిలబెట్టి, వచ్చిన దారికేసి చూస్తోంది. ట్రాక్టర్ల చాటున నన్ను గమనించలేదు. పంచరేమో అనుకుని టీ కొట్టు పక్కన స్కూటరు ఆపాను. దిగబోతుండగా గేటు అవతల మిగతా అయిదుగురూ కనిపించారు. వాళ్లను చూడగానే ఇది గబగబా సైకిలెక్కి, ఎక్కడా ఆగనట్టే, తన దారిన తాను పోతున్నట్టే ముందుకు తొక్కడం మొదలెట్టింది. నేను దూరంగా వెనకే స్కూటరు మెల్లగా పోనిచ్చాను. రెండు నిమిషాల్లో వాళ్లు దీన్ని అందుకున్నారు. మధ్యలోకి చేర్చుకున్నారు. ఎవరో ఏదో అంటే ఇది తలెత్తి నవ్వింది. కాళ్లు మాత్రం కుట్టుమిషను తొక్కినట్టు ఆడుతూనే ఉన్నాయి. గోడౌన్ల మలుపు వచ్చేసరికి ఒక్కొక్కరే దీన్ని దాటిపోయారు. మలుపు దగ్గర ఇది ఒక్కతే మిగిలింది. కాలు కింద పెట్టి, చున్నీతో మొహం తుడుచుకుని, మళ్లీ తొక్కుకుంటూ పోయింది.

పావుగంట ముందు బయల్దేరడం దేనికో అప్పుడు తెలిసింది. ఆ గేటు నుంచి ఆ మలుపు దాకా వాళ్ల మధ్య ఉండటానికి.

ఇంతవరకైతే తెలియక చేశానని సరిపెట్టుకోవచ్చు. తెలిశాక చేసిందే నన్ను తినేస్తోంది. ఆ సాయంత్రమే దాన్ని తీసుకుని గుంటూరు పోయి సైకిలు మార్చి ఉండాల్సింది. సాయిబు గారు కాదనే మనిషి కాదు. కానీ మిల్లులో అంత చెప్పుకున్నాక మార్చానంటే నవ్వుతారు. నా గ్రేడు నేనే తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అన్నం తినేటప్పుడు "సైకిలెలా ఉందమ్మా?" అని మాత్రం అడిగాను. "బాగానే ఉంది నాన్నా" అంది. పొద్దున కళ్లారా చూసినవాణ్ని, ఆ మాట పట్టుకుని చెయ్యి కడిగేసుకున్నాను. నేను ఆ దారిన వచ్చిన సంగతి దానికి చెప్పలేదు. వచ్చే ఏడాది చూద్దాంలే అనుకున్నాను. నా అంత పిరికివాణ్ని నేను మళ్లీ చూడలేదు.

సంక్రాంతి సెలవులయ్యాక ఆటోలోనే వెళ్తానంది. ఎందుకని మా ఆవిడ అడిగితే కాళ్లు నొప్పులంది. రోడ్డు మీద లారీలు పెరిగాయి, మంచిదే అన్నాను నేను. కొన్నాళ్లకు ఓనరమ్మ మెట్ల దగ్గర ఆపి, "పాప సైకిలు తొక్కట్లేదేంటండీ? పైకి మోయలేక మానేసిందా? మెట్ల కింద పెట్టుకోమని అననా నేను, ఒక్కమాట అడిగితే?" అంది. ఆవిడకి ఏదో సమాధానం చెప్పి పైకొచ్చేశాను. మరుసటి ఏడాది బడిలో సెక్షన్లు మార్చారు, ఆ అయిదుగురి జట్టు కూడా అలాగే ఉండలేదు. మా అమ్మాయి ఏ జట్టులోనూ చేరలేదు. ఎవరి వెంటా పడకుండా తన చదువు తాను చదువుకునే పిల్లని టీచర్లు మెచ్చుకునేవాళ్లు.

ఇప్పుడు డిగ్రీకి వచ్చింది. పోయిన నెల దానికి స్కూటీ కొందామని, ఈసారైనా సరిగా చేద్దామని, "ఏది కావాలో నువ్వే చూసుకో తల్లీ, నేను షాపులో నోరెత్తను" అన్నాను.

"ఏదైనా పర్లేదు నాన్నా. నువ్వు చూసినాక ఇంక చూసేదేముంది" అంది. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది. అదే నాకు కష్టమనిపించింది.

అప్పుడు చెప్పాను. గేటు దగ్గర చూశానని, చూసి కూడా ఊరుకున్నానని, ఇన్నేళ్లూ దాచానని. అది బట్టలు మడత పెడుతూ విన్నది. ఆశ్చర్యపోయినట్టు లేదు. నాకే ఉండబట్టలేక అడిగాను.

"మార్చమని ఒక్కసారి అడగకపోయావా అమ్మా?"

"అడిగాను కదా నాన్నా. రెండుసార్లు అడిగా. ఒకసారి నువ్వు పేపరు చదువుతున్నావ్. ఇంకోసారి స్కూటరు తుడుస్తున్నావ్. సరేలే చూద్దాం అన్నావ్ రెండుసార్లూ" అంది.

అది చేతిలోని చొక్కా మడిచి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. నేను రెండు రోజులు మిల్లులో కూర్చుని వెనక్కి తవ్వుకుంటూ పోయాను. ఆ రెండుసార్లలో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. ఏ మాటలతో అడిగిందో దాన్నే మళ్లీ చెప్పమందామంటే నోరు రావడం లేదు.