బ్యాగుల దగ్గర విశాలాక్షి

ఎడ్మంటన్‌లో జనవరి ఎలా ఉంటుందో చెప్పుకుంటే చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ పళ్ళు కొట్టుకుంటాయి. కారుకి కూడా రాత్రంతా కరెంటు వైరు తగిలించి పడుకోబెట్టాలి, లేకపోతే పొద్దున అది లేవదు. అలాంటి ఊళ్ళో పాతికేళ్ళుగా కాపురం చేస్తున్న విశాలాక్షికి, ఆసుపత్రి వంటింట్లో రోగుల భోజనం ట్రేలు సర్దడంతోనే చలికాలమంతా గడిచిపోయేది. మధ్యలో ఒక్క వారం మాత్రం వేరు. ఏటా ఫిబ్రవరిలో ఆమె, భర్త వీరభద్రం, కూతురు ధాత్రి, స్నేహితులు జనార్ధనరావు, రత్నకుమారి దంపతులు కలిసి మెక్సికోలో పోర్టో వయార్టా అనే సముద్రపు ఊరికి వెళ్ళేవారు. బరువు కోట్లన్నీ ఎయిర్‌పోర్టు పార్కింగులో కారులోనే విప్పి పడేసి, చెప్పులతో మంచులో పరుగెత్తి లోపలికి దూరడంతో వాళ్ళ సెలవులు మొదలయ్యేవి.

విశాలాక్షిది అనంతపురం వైపు. చిన్నప్పుడు ఆమె చూసిన పెద్ద జలరాశి నీళ్ళ ట్యాంకరు. వీరభద్రానిది కాకినాడ. ఆయన తండ్రికి రైల్వేలో గుంతకల్లు బదిలీ కావడంతో కుదిరిన సంబంధం. పెళ్ళిచూపుల్లోనే ఆయన సముద్రం మాకు పెరట్లో బావి లాంటిదని కోశాడు. ఆ కోత ఈనాటికీ ఆగలేదు.

ఆ ఊళ్ళో అసలు వేడుక తిమింగలాల పడవ. చలికాలంలో తిమింగలాలు ఎక్కడెక్కడి చల్లటి సముద్రాల నుంచో పిల్లల్ని కనడానికి అక్కడికొస్తాయి. అవి కూడా మనలాగే చలికి తట్టుకోలేక పారిపోయి వచ్చాయని విశాలాక్షికి వాటి మీద మొదటి నుంచీ అభిమానం. కానీ ఒక్కసారి కూడా చూడలేదు. వీళ్ళంతా పడవెక్కితే ఆమె ఒడ్డున గొడుగు కింద బ్యాగులకు కాపలా కూర్చునేది. హోటల్ గదిలో లాకరుంది. ఉంటే మాత్రం? పరాయి ఊళ్ళో ఇనప డబ్బాలో పాస్‌పోర్టులు పెట్టి నిశ్చింతగా తిరగడం మనవాళ్ళ వల్ల అవుతుందా? పాస్‌పోర్టులు, మెళ్ళో గొలుసులు, పులిహోర డబ్బా, అన్నీ బ్యాగుల్లోకి చేరేవి. బ్యాగులకు ఒక మనిషి కావాలి.

ఆ మనిషి తనే ఎందుకయిందంటే, తప్పు ఎవరిదీ కాదు, మొహమాటానిది. మొదటి ఏడు పడవకి వస్తావా అని అడిగితే ఆమె, "నాకెందుకులే, మీరు పోయి రాండి," అంది. ఆమె పుట్టిన ఊళ్ళో అది జవాబు కాదు, మాటలకు మొదలు. అవతలివాళ్ళు మళ్ళీ అడగాలి, ఈమె మళ్ళీ వద్దనాలి, మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే "ఇంతగా అంటున్నారు కాబట్టి" అని లేవాలి. ఇక్కడ రెండోసారే రాలేదు. ధాత్రి కెనడా బడిలో పెరిగిన పిల్ల. వద్దన్న మనిషిని మళ్ళీ అడగడం మర్యాద కాదని నేర్చుకుంది. జనార్ధనరావుకి పడవ వెళ్ళిపోతుందని కంగారు. వీరభద్రం ఏదో అనబోయి, నోరు మూసుకుని వాళ్ళ వెనకే నడిచాడు. మరుసటి ఏటి నుంచి ఆ మొదటి అడగడం కూడా పోయింది. విశాలాక్షి రాదులే అన్నది అందరికీ ఖాయమైపోయింది.

అలాగని ఆమెకు తిమింగలం బొత్తిగా అందలేదని కాదు. సాయంత్రం భర్త వచ్చి పక్కన కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పేవాడు. దాని కన్ను ఇడ్లీ రేకంత ఉందనీ, అది ఊపిరి వదిలితే నీళ్ళు రెండంతస్తుల ఎత్తు లేచాయనీ. ఆమె చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. తోక ఎలా ఉంటుందని అడిగితే మాత్రం, "ఆఁ, ఉంటుందిలే," అని టీ తాగేవాడు.

ఈ ఏడు సంగతి మారింది. జనార్ధనరావు దంపతులు వేసవిలో కొడుకు దగ్గరికి, ఒంటారియోలో ఉన్న లండన్‌కి మకాం మార్చేస్తున్నారు. ధాత్రికి మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చింది, ఇకపై సెలవు దొరకడమే గగనం. ఇదే ఆఖరి ప్రయాణమని అందరూ అనుకున్నారు. ఇప్పుడు చూడకపోతే ఇక ఆ తిమింగలాన్ని ఈ జన్మకి చూడనని విశాలాక్షికి తెలిసిపోయింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ తనంతట తను అడగడమంటే పిలవని పేరంటానికి వెళ్ళినంత సిగ్గు ఆమెకి. ఆసుపత్రిలో ట్రేల మీద జావ గిన్నెలు పెడుతూ, "నేనూ వస్తా," అని పెదవులతో సాధన చేసింది. పక్కనున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ప్రార్థన చేసుకుంటోందేమోనని తనూ తల వంచింది.

పడవ రేవు దగ్గర జనార్ధనరావు ఎప్పటిలాగే నాలుగు టికెట్లు చేత్తో పట్టుకుని తలలు లెక్కపెడుతున్నాడు. విశాలాక్షి చుట్టూ బ్యాగులు చేరిపోయాయి. అయినా అంది.

"నేనూ వస్తా."

అందరూ ఆగిపోయారు. ధాత్రి దగ్గరికొచ్చింది. "అమ్మా, యూ నెవర్ వాంటెడ్ టు గో. ప్రతిసారీ నో అన్నావు కదా."

"అన్నాలే. ఇంకోసారి అడుగుతారేమోనని చూసినా," అంది విశాలాక్షి. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వుదామనుకుంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ధాత్రి మొహం పాలిపోయింది. అన్నేళ్ళు అమ్మ మాటకి గౌరవమిస్తున్నాననుకుంది ఆ పిల్ల. ఇంకో టికెట్టు కోసం పరుగెత్తుకెళ్ళి అడిగింది. పడవ నిండిపోయిందన్నారు. ఇక చూడండి తమాషా, జనార్ధనరావు తను ఆగిపోతానన్నాడు, రత్నకుమారి కాదు నేనంది, ధాత్రి మీరెవరూ కాదు నేనంది. నువ్వెళ్ళంటే నువ్వెళ్ళంటూ వాళ్ళు రేవు మధ్యలో మర్యాదలు పంచుకుంటుంటే, వీరభద్రం జనార్ధనరావు చేతిలోంచి తన టికెట్టు తీసుకొచ్చి భార్య చేతిలో పెట్టాడు. బ్యాగులు సర్దుకుని గొడుగు కింద కూర్చున్నాడు కూడా. నేను చూసిందేగా, నువ్వెళ్ళు అన్నాడు. ఆయనకంత ఇష్టమైన తిమింగలాన్ని తను లాగేసుకున్నానే అని విశాలాక్షి మనసు చివుక్కుమంది.

పడవ కదిలి కాస్త దూరం పోయాక ఆ మాటే రత్నకుమారితో అంది. పాపం, ఏటా ఎంత ముచ్చటపడి చూసేవారో అని.

రత్నకుమారి ఆమెను వింతగా చూసింది. "ఎక్కడ చూశారక్కా? పడవ కదిలితే చాలు, బావగారికి కడుపులో తిప్పేది. కింద బెంచీ మీద తువ్వాలు మొహాన కప్పుకుని పడుకునేవారు. మళ్ళీ ఒడ్డుకొచ్చాకే లేచేది. నీకు తెలుసనుకున్నానే."

పెరట్లో బావి లాంటి సముద్రం! మరి ఇడ్లీ రేకంత కన్ను? దిగాక జనార్ధనరావుని అడిగి తెలుసుకునేవాడట. వాళ్ళు చూస్తూనే ఉన్నా, ఇక పడవ ఎక్కనని స్నేహితుల ముందు ఒప్పుకోలేడు, కాకినాడవాడికి కళ్ళు తిరుగుతాయని అనంతపురం పెళ్ళాంతో అసలే చెప్పలేడు. చూడాలనున్న మనిషి ఒడ్డునా, ఒడ్డున ఉండాలనున్న మనిషి పడవలోనా ఇన్నేళ్ళు గడిపారు. ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పినా సరిపోయేది. ఆమెకు ముందు కోపం వచ్చింది. అంత బాధపడి కూడా, దిగగానే తన పక్కన కూర్చుని ఎవరి కళ్ళతోనో చూసింది తనకు చెప్పాడని గుర్తొచ్చాక ఆ కోపం నిలవలేదు.

అప్పుడే ధాత్రి భుజం నొక్కింది. నీళ్ళలోంచి నల్లటి వీపు ఒకటి మెల్లగా లేచింది, తొందరేమీ లేనట్టు. పక్కనే చిన్నది, పిల్ల. ఊపిరి శబ్దం వినిపించింది. తల్లి మునిగిపోతూ తోక పైకెత్తింది. ఫోను తీయాలని విశాలాక్షికి గుర్తే లేదు. తను చాలా సంతోషంగా ఉన్నానని మాత్రం తెలిసింది.

తిరిగొచ్చేసరికి వీరభద్రం పులిహోర సగం ఖాళీ చేసి, బ్యాగుల మధ్య కాళ్ళు చాపుకుని హాయిగా ఉన్నాడు. ఆ మొహంలో అంత నెమ్మది ఆమె ఏ ఫిబ్రవరిలోనూ చూడలేదు. మిగతావాళ్ళు గదులకు వెళ్ళారు. ఆమె పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది? నేను చెప్పినట్టే ఉందా?" అన్నాడు ఆయన, సముద్రం వైపు చూస్తూ.

"అచ్చం మీరు చెప్పినట్టే ఉండాది," అంది విశాలాక్షి.

ఆయన తల ఊపాడు. పులిహోర డబ్బా ఆమె వైపు జరిపాడు. ఆమె రెండు ముద్దలు తింది. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"దాని తోక ఎలా ఉంటుందో చెప్పవే."

విశాలాక్షి చెయ్యి తుడుచుకుని, ఆయన వైపు తిరిగి కూర్చుని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.